ఫార్మాట్ కొట్టే ముందు లాగ్ చదవండి

విండోస్ 11కి మారబోయి మధ్యలో ఆగిపోయిన కంప్యూటర్‌ని మన ఊళ్లలో ఏ షాపుకి పట్టుకెళ్లినా ముందు వినపడే మాట ఒకటే. “ఫార్మాట్ కొట్టేద్దాం సార్, సాయంత్రానికి ఇచ్చేస్తా.” ఆ మాట అనే కుర్రాడికి మన మీద కక్షేమీ లేదు. అతనికి బాగా తెలిసిన పని అది, త్వరగా తెమిలే పని అది, మనం డబ్బులిచ్చే పని కూడా అదే. కానీ ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కి ఫార్మాట్ అన్నది ఇంకే దారీ లేనప్పుడు చేయాల్సిన పని అని నా గట్టి అభిప్రాయం. విండోస్ 7, 8 రోజుల్లో ఆ అలవాటు వల్ల జరిగే నష్టం కొంతే. విండోస్ 11 దగ్గరికి వచ్చేసరికి అదే అలవాటు పదేళ్ల ఫైళ్లని ఒక్క పూటలో తుడిచిపెట్టేస్తోంది. ఎందుకో వివరంగా చెప్తాను.

2015 జులై 29న విడుదలైన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. ఆ పదేళ్లలో మన ఇళ్లలో కంప్యూటర్‌లోకి చేరనిదంటూ లేదు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల నోట్సు, పెళ్లి ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్కు స్కాన్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, అమెరికాలో ఉన్న మనవడికి పంపిన వీడియోలు. ఇప్పుడు అందరూ అప్‌గ్రేడ్ బటన్ నొక్కుతున్నారు. చాలామందికి సాఫీగా అయిపోతోంది. కొందరికి మాత్రం గంటసేపు శాతాలు లెక్కపెట్టాక తెర నల్లబడి, మళ్లీ పాత విండోస్ 10 వచ్చి కూర్చుంటోంది. ఇదంతా వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక ధైర్యం. అప్‌గ్రేడ్ ఆగిపోయి పాత విండోస్ తిరిగి వచ్చిందంటే మీ కంప్యూటర్ సవ్యంగానే ప్రవర్తించింది. ఇన్‌స్టాలర్ పని నాలుగు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో పాత విండోస్ నడుస్తూ ఉండగానే కొత్తదాన్ని దించుకుంటుంది, ఏ ప్రోగ్రాము పొసగదో, ఏ డ్రైవరు (పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాము) తేడాగా ఉందో చూసుకుంటుంది. రెండో దశలో కంప్యూటర్ రీస్టార్ట్ అయి, సేఫ్ ఓఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థలోకి వెళ్తుంది. పాత విండోస్‌ని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లోకి జరిపి కొత్తదాన్ని పరిచేది అక్కడే. మూడో దశలో కొత్త విండోస్ తొలిసారి లేచి, మీ మదర్‌బోర్డుకీ ప్రింటర్‌కీ వైఫైకీ కావలసిన డ్రైవర్లని పెట్టుకుంటుంది. నాలుగో దశలో మీ యూజర్ ఖాతా, సెట్టింగులు కొత్త ఇంట్లోకి చేరతాయి. వీటిలో ఎక్కడ తట్టుకున్నా మొత్తాన్నీ వెనక్కి తిప్పి, పాతదాన్ని యథాస్థానంలో పెట్టేస్తుంది. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. పాత హార్డ్ డిస్క్ ఉన్న మిషన్లలో ఈ వెనక్కి తిప్పే పనికి చాలాసేపు పడుతుంది. తెర కదలడం లేదని కంగారుపడి పవర్ బటన్ నొక్కి పట్టుకోకండి. క్యాబినెట్ మీద డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపూ లోపల పని జరుగుతోందనే అర్థం. కరెంటు పోయే వేళల్లో, యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదు.

రోల్‌బ్యాక్ అయ్యాక తెర మీద ఒక కోడ్ కనపడుతుంది. ఎక్కువమంది చూసేది 0ఎక్స్‌సి1900101. దాని పక్కనే ఒక గీత గీసి ఇంకో సంఖ్య ఉంటుంది: 20017, 30018, 4000డి లాంటిది. జనం మొదటి సంఖ్యని ఫోన్‌లో ఫొటో తీసుకుని రెండోదాన్ని వదిలేస్తారు. నిజానికి అసలు కబురు రెండోదానిలోనే ఉంది. మొదటి సంఖ్య ‘వెనక్కి తిరిగాను’ అని మాత్రమే చెప్తుంది, కారణం ఎక్కువగా డ్రైవరే అయి ఉంటుందన్న సూచనతో. రెండో సంఖ్యలో మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెప్తుంది. 2 అంటే సేఫ్ ఓఎస్, 3 అంటే తొలి బూట్, 4 అంటే మలి బూట్. చివరి అంకెలు ఆ క్షణంలో ఏ పని చేస్తోందో చెప్తాయి. 17 అయితే బూట్ అవుతోంది, 18 అయితే సిస్‌ప్రెప్ (కొత్త విండోస్‌ని వాడకానికి సిద్ధం చేసే పని) నడుస్తోంది, డి అయితే డేటా తరలుతోంది. అంటే 20017 చూడగానే సేఫ్ ఓఎస్‌లోకి లేవలేకపోయిందని తెలిసిపోతుంది. అప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వైపు, డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ వైపు చూడాలి. 4000డి అయితే కొత్త విండోస్ చివరిదాకా వచ్చేసింది, సామాను మోసేటప్పుడు ఏదో అడ్డుపడింది. ఈ రెండింటికీ వెతకాల్సిన చోట్లే వేరు. ఫార్మాట్ కొట్టే మనిషి ఈ తేడా చూడడు.

అన్ని కోడ్‌లూ ఇంత లోతుగా ఉండవు. 80070070 అంటే సి డ్రైవ్‌లో జాగా లేదని. సి1900208 అంటే పొసగని ప్రోగ్రామ్ ఏదో ఉందని, దాన్ని తీసేస్తే దారి వదులుతుందని. సి1900200 అంటే కనీస అర్హతలు లేవని. వీటికి ఫార్మాట్ మాట ఎత్తడమే అన్యాయం.

మా పెదనాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, విజయవాడలో ఉంటారు. ఆయన డెస్క్‌టాప్ 2018లో కొన్నది. ఇంటెల్ ఐ3-8100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఎనిమిదో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 జాబితాలో ఉంది. దాని మీద ఆయన తన ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకుంటున్నారు, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. కాలనీ గుడి కమిటీ కరపత్రాలు, శుభలేఖలు కూడా ఆయనే చేసిపెడతారు. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా తెలుగు డీటీపీ చాలాచోట్ల ఇంకా ఆ పాత ఫాంట్ల మీదే నడుస్తోంది. ఆ ఫాంట్లు లేని మిషన్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే తెలుగు కనపడదు, ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనపడుతుంది. సాఫ్ట్‌వేర్ సీడీ ఎప్పుడో పోయింది. అంటే ఆ సి డ్రైవ్‌ని తుడిచేస్తే ఆయన రాసిన వందల పేజీలు ఉంటాయి గానీ చదవడానికి రావు. షాపతను ఆయనతో అన్నదేమిటంటే: “డేటా డి డ్రైవ్‌లో ఉంది కదా సార్, సి ఒక్కటే కొట్టేస్తా. డి జోలికి పోను.” పెదనాన్న నాకు ఫోన్ చేసి, “ఏం నాన్నా, సరేననమంటావా?” అన్నారు. “ఆగండి పెదనాన్నా, నేను వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి” అన్నాను.

ఆ ‘సి ఒక్కటే కొట్టేస్తా’ దగ్గరే మనం కాసేపు ఆగాలి. డిస్క్‌ని సి, డి, ఇ అని ముక్కలు చేసి, సిలో విండోస్, మిగతావాటిలో డేటా పెట్టడం మనకి బాగా అలవాటైన పద్ధతి. కొత్త కంప్యూటర్ కొంటే షాపువాళ్లే అలా చేసి ఇస్తారు. దాని వెనక ఉన్న నమ్మకం: విండోస్ పాడైతే సి తుడిచేసుకోవచ్చు, డి క్షేమం. చాలా ఏళ్లు ఆ నమ్మకం నిలబడింది కూడా. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, ఫాంట్లు అన్నీ సి లోనే ఉంటాయన్న సంగతి ఎవరూ చెప్పకపోయినా, కనీసం డి అయినా మిగిలేది.

విండోస్ 11తో ఆ లెక్క తప్పింది. దానికి యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా బయోస్ పద్ధతిలో, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే ఏర్పాటు) చేయగలిగే స్థితిలో ఉన్న కంప్యూటర్ కావాలి. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో విండోస్ పెట్టాలంటే డిస్క్ మీది పార్టిషన్ పట్టిక జీపీటీ అనే కొత్త తరహాలో ఉండాలి. మన పాత మిషన్లలో చాలావాటిని లెగసీ అనే పాత బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా పట్టిక ఉన్న డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేసి ఇచ్చారు. అలాంటి మిషన్‌కి యూఈఎఫ్‌ఐ పెన్‌డ్రైవ్ పెట్టి కొత్తగా విండోస్ వేయబోతే, ఈ డిస్క్ ఎంబీఆర్‌లో ఉంది, దీని మీద పెట్టలేను అని ఇన్‌స్టాలర్ మొరాయిస్తుంది. అప్పుడు చేయి తిరిగిన కుర్రాడు ఏం చేస్తాడు? డిస్క్‌పార్ట్ అనే డిస్క్ కమాండ్ల సాధనం తెరిచి క్లీన్ అని కొడతాడు, లేదా కనపడిన పార్టిషన్లన్నీ డిలీట్ చేస్తాడు. పార్టిషన్ పట్టిక మొత్తం డిస్క్‌కి ఒక్కటే. అది పోతే సి తో పాటు డి, ఇ కూడా పోతాయి. ‘డి జోలికి పోను’ అన్న మాట అతను నిజాయితీగానే అన్నాడు. పని మధ్యలోకి వచ్చేసరికి ఆ మాట నిలబెట్టుకునే దారి అతనికి ఉండదు.

ఎంబీఆర్‌ని డేటా పోకుండా జీపీటీగా మార్చే సాధనం విండోస్‌లోనే ఉంది. పేరు ఎంబీఆర్2జీపీటీ. 2017లో విండోస్ 10 1703 వెర్షన్‌తో వచ్చింది. ముందు వాలిడేట్ అనే ఆప్షన్‌తో నడిపితే మార్చడం కుదురుతుందో లేదో చెప్తుంది, దేన్నీ ముట్టుకోదు. కుదురుతుందంటే కన్వర్ట్. నిమిషాల్లో అయిపోతుంది. కానీ దానికో షరతు ఉంది. డిస్క్ మీద ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించకూడదు, ఎక్స్‌టెండెడ్ (లోపల ఇంకా ముక్కలు పట్టేది), లాజికల్ (ఆ లోపలి ముక్కలు) పార్టిషన్లు అసలు ఉండకూడదు. మన షాపులు చేసి ఇచ్చే సి, డి, ఇ అమరికలో డి, ఇ తరచుగా లాజికల్ పార్టిషన్లే. పెదనాన్న మిషన్ అచ్చంగా అలాంటిదే. వాలిడేట్ దగ్గరే కాదంది.

దారి కష్టమైనది కాదు, ఓపిక కావాలంతే. బయటి హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చి డి, ఇ లలో ఉన్నదంతా దాని మీదకి కాపీ చేశాం. సి లోని యూజర్ ఫోల్డర్, ఫాంట్ల ఫోల్డర్ కూడా. కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా సరిచూసి, అక్కడక్కడా కొన్ని ఫైళ్లు తెరిచి చూశాం. ఆ తర్వాతే డి, ఇ తీసేసి, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ తొలగించి, మళ్లీ వాలిడేట్ నడిపితే ఒప్పుకుంది. కన్వర్ట్ చేశాక బయోస్‌లోకి వెళ్లి లెగసీ నుంచి యూఈఎఫ్‌ఐకి మార్చాం. ఇక్కడ వరస ముఖ్యం. డిస్క్ మార్చకముందే బయోస్‌లో యూఈఎఫ్‌ఐ పెట్టేస్తే కంప్యూటర్‌కి విండోస్ కనపడదు, బూట్ అయ్యే డిస్క్ ఏదీ లేదంటుంది. ఆ తెర చూసి హడలిపోయి ఫార్మాట్‌కి ఒప్పుకున్నవాళ్లు ఎంతోమంది. బయోస్‌లో లెగసీకి తిరిగి మారిస్తే అంతా మామూలే అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

విండోస్ 11 అడిగే భద్రతా భాగం టీపీఎం 2.0 గురించి కూడా రెండు మాటలు. అర్హతలు చూసే మైక్రోసాఫ్ట్ సాధనం పీసీ హెల్త్ చెక్ మీ కంప్యూటర్‌లో టీపీఎం లేదని చెప్తే కొత్త కంప్యూటర్ కొనాల్సి వస్తుందేమోనని భయపడకండి. 2018 తర్వాత కొన్నవాటిలో అది దాదాపుగా ఉంటుంది. బయోస్‌లో మూసి ఉంటుందంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పేరు. ఆన్ చేసి సేవ్ చేస్తే చాలు. పెదనాన్న మిషన్‌లో ఆన్ చేసి ఆపితే మర్నాటికి మళ్లీ ఆఫ్ అయి ఉంది, లెగసీకి తిరిగిపోయి ఉంది. తేదీ కూడా వెనక్కి పోయింది. మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. బోర్డుకి కరెంటు తీసేసిన ప్రతిసారీ బయోస్ తన సెట్టింగులు మరిచిపోతోంది. ఏడెనిమిదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌తో అప్‌గ్రేడ్‌కి దిగేవాళ్లు ముందు ఆ బ్యాటరీ మార్చండి. గడియారాలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది.

ఇదంతా అయ్యాక అప్‌గ్రేడ్ మొదలుపెడితే, ఈసారి మూడో దశదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. 3000డి. తొలి బూట్‌లో, డేటా తరలేటప్పుడు. ఇప్పుడు లాగ్ చదవాలి, అంటే ఇన్‌స్టాలర్ తాను చేసిన పనులన్నీ రాసుకునే చిట్టా.

సి డ్రైవ్‌లో ‘$విండోస్.~బీటీ’ అనే దాగి ఉన్న ఫోల్డర్ ఉంటుంది. అందులో సోర్సెస్, దాని లోపల పాంథర్, రోల్‌బ్యాక్ అనే ఫోల్డర్లు. అక్కడ సెటప్‌యాక్ట్ లాగ్‌లో జరిగినదంతా గంట, నిమిషం, సెకనుతో సహా ఉంటుంది. సెటప్‌ఎర్ లాగ్‌లో తేడాలు మాత్రమే. రెండూ నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైళ్లు. సెటప్‌యాక్ట్‌ని చూసి భయపడాల్సిన పని లేదు, అది ఎంతో పొడుగ్గా ఉంటుంది. చివరి నుంచి పైకి చదవాలి. రోల్‌బ్యాక్ మొదలైన నిమిషం పట్టుకుని, దానికి కాస్త ముందు ఎర్రర్ అన్న పదం ఎక్కడుందో వెతకాలి. అంత ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లదే సెటప్‌డయాగ్ అనే ఉచిత సాధనం ఈ లాగులన్నీ చదివి, తనకు తెలిసిన కారణాలతో సరిపోల్చి చెప్తుంది. విండోస్ 10 2004 వెర్షన్ నుంచి ఇన్‌స్టాలర్ తానే దాన్ని నడిపి, ఫలితాన్ని విండోస్ ఫోల్డర్లోని లాగ్స్ లోపల సెటప్‌డయాగ్ అనే చోట పెడుతుంది. అంటే, మన కంప్యూటర్ ఎందుకు ఆగిందో చెప్పే కాగితం ఆ డిస్క్‌లోనే పడి ఉండగా దాన్ని చదవకుండా డిస్క్‌నే తుడిచేస్తున్నాం.

పెదనాన్న లాగ్‌లో దొరికింది ఓఈఎం అని మొదలయ్యే ఒక ఇన్ఫ్ ఫైలు, అంటే ఏదో డ్రైవర్ వివరాలున్న ఫైలు. పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్‌తో డ్రైవర్ల జాబితా తీసి ఆ పేరు వెతికితే అది ఒక వేలిముద్ర పరికరం డ్రైవర్ అని తేలింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక ఇంట్లో కూర్చునే ఇవ్వొచ్చని చాలామంది ఆ వేలిముద్ర పరికరాలు కొనుక్కున్నారు. 2021లో ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చాక పరికరం అటకెక్కింది. డ్రైవర్ మాత్రం కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. పరికరం తగిలించి లేదు కాబట్టి డివైస్ మేనేజర్‌లో మామూలుగా కనపడదు. ‘హిడెన్ డివైసెస్ చూపించు’ అంటేనే పలచగా కనపడుతుంది. దాన్ని అక్కడ అన్‌ఇన్‌స్టాల్ చేసి, పీఎన్‌పీయుటిల్‌తో డ్రైవర్ ప్యాకేజీ కూడా తీసేశాం. తర్వాత అప్‌గ్రేడ్ ఎక్కడా ఆగలేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, జ్ఞాపకాల పుస్తకం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈ ఒక్క డ్రైవరే అందరికీ అడ్డు కాదు. చాలా ఇళ్లలో అడ్డుపడేది గడువు తీరిన యాంటీవైరస్. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసినా దాని ఫిల్టర్ డ్రైవర్ లోపల మిగిలిపోతుంది. ఆ కంపెనీ ఇచ్చే తొలగింపు సాధనం వాడి పూర్తిగా తీయాలి. ఇంకొన్ని చోట్ల ‘సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయాం’ అని వస్తుంది. ఆ చిన్న పార్టిషన్ పాత మిషన్లలో 100 ఎంబీయే ఉండి నిండిపోతుంది. అందులో ఉండే బూట్ ఫాంట్ల ఫైళ్లు కొన్ని తీసేసి జాగా చేసే పద్ధతిని మైక్రోసాఫ్టే తన సహాయ పేజీలో రాసిపెట్టింది. విండోస్ ఫైళ్లలోనే తేడా ఉంటే డిస్మ్ రీస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే మరమ్మతు కమాండ్లు నడపాలి. అప్‌గ్రేడ్‌కి కూర్చునే ముందు కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేయండి. ఈ ఒక్క జాగ్రత్తే చాలా తలనొప్పులు తప్పిస్తుంది.

మీ కంప్యూటర్‌కి అన్ని అర్హతలూ ఉన్నా విండోస్ అప్‌డేట్‌లో 11 కనపడడం లేదా? దానికీ కారణం ఉండొచ్చు. ఏదైనా డ్రైవర్‌తో గొడవ ఉందని తెలిస్తే ఆ డ్రైవర్ ఉన్న మిషన్లకి అప్‌గ్రేడ్‌ని మైక్రోసాఫ్టే ఆపి ఉంచుతుంది. 2019లో విండోస్ 10 కొత్త వెర్షన్లని ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ 15.1.0.1002 నుంచి 15.5.2.1053 దాకా ఉన్నవాటికి అలాగే ఆపారు. 15.5.2.1054 లేదా ఆ పైది వేసుకుంటే దారి తెరుచుకునేది. అలాంటి అడ్డుని పెన్‌డ్రైవ్‌తో బలవంతంగా దాటించడం, ప్రమాదమని గేటు వేస్తే దాని కింద నుంచి దూరడమే.

ఇక్కడ మైక్రోసాఫ్ట్‌నీ నిలదీయాలి. కారణం లాగ్‌లో ఉంది, ఆ లాగ్‌ని చదివే సాధనం ఇన్‌స్టాలర్‌లోనే ఉంది. మరి ఆ డ్రైవర్ పేరు తెర మీద తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక్క వాక్యంగా ఎందుకు చూపించరు? 2015లో విండోస్ 10 మొదటి రోజుల్లో ఇన్‌స్టాలర్ ‘ఏదో జరిగింది’ అన్న పెట్టె చూపించి ఊరుకుంది. కింద వివరంగా కూడా అదే మాట. ఇన్నేళ్ల తర్వాత కోడ్ చూపిస్తున్నారు గానీ, ఆ కోడ్ ఇంటి మనిషికి అర్థమయ్యేది కాదు. 2024 జనవరిలో వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ విషయంలో ఇంకా ఘోరం. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోతే 80070643 అనే ఎర్రర్‌తో ఆగిపోయేది. జాగా చాలలేదని తెర మీద చెప్పలేదు. పార్టిషన్ సైజు మీరే కమాండ్లు కొట్టి పెంచుకోండని సహాయ పేజీలో రాశారు. పార్టిషన్ సైజు మార్చడమన్నది ఒక రిటైరైన గుమాస్తాకో, పదో తరగతి పిల్లకో అప్పగించాల్సిన పనేనా? తెర మీద కారణం చెప్పని ప్రతి ఎర్రరూ ఒక మనిషిని ఫార్మాట్ వైపు తోస్తోంది. ఆ బాధ్యతలో సగం షాపుదైతే సగం తయారీదారుదే.

ఫార్మాట్‌లో దాగి ఉన్న ఇంకో ప్రమాదం గురించి చాలామందికి తెలియదు. విండోస్ 11 24హెచ్2 (2024లో వచ్చిన వెర్షన్) నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మిషన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హార్డ్‌వేర్ అనుకూలిస్తే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా. దాన్ని విప్పే 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకే వెళ్తుంది. షాపులో మిషన్ సిద్ధం చేసేటప్పుడు, మీరు దగ్గర లేరని, తన అకౌంట్‌తోనో అప్పటికప్పుడు తయారుచేసిన ఒక ఐడీతోనో లాగిన్ చేశాడనుకోండి. కీ అక్కడికి పోయింది. రేపు బయోస్ అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా కంప్యూటర్ ఆ కీ అడుగుతుంది. ఆ ఐడీ ఏమిటో మీకు తెలియదు, బహుశా ఆ కుర్రాడికీ గుర్తుండదు. కీ లేకపోతే ఆ డిస్క్‌లో ఉన్నది ఎవరూ తీయలేరు. ఉన్న విండోస్ మీదే అప్‌గ్రేడ్ అయిన మిషన్‌లో ఈ ఎన్‌క్రిప్షన్ తనంతట తాను మొదలవదు. అందువల్ల కూడా అప్‌గ్రేడే మేలు.

మరి ఫార్మాట్ ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. మీ విండోస్ 10 32-బిట్‌ది అయితే వేరే దారి లేదు. విండోస్ 11లో 32-బిట్ అన్నదే లేదు, 32 నుంచి 64కి నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు. డిస్క్ తన ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో చెడిన సెక్టార్లు పెరుగుతున్నాయని కనపడితే దాని మీద అప్‌గ్రేడ్ చేయడమే తప్పు. డేటా తీసేసుకుని కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి మొదటినుంచి వేయాలి. మొండి వైరస్ పట్టిన మిషన్‌కీ అంతే. ఇలాంటిచోట కూడా క్రమం ఒకటే: ముందు పూర్తి బ్యాకప్, అది తెరుచుకుంటోందని రుజువు, ఆ తర్వాతే డిలీట్. అను ఫాంట్లలో రాసినవి ఉంటే ఫాంట్ల ఫోల్డర్ కూడా దాచండి, వీలైతే ఆ రాతని యూనికోడ్‌లోకి మార్చి ఇంకో ప్రతి ఉంచండి.

ప్రాసెసరే జాబితాలో లేని పాత కంప్యూటర్ల సంగతి వేరు. షాపుల్లో అడ్డుదారిన 11 వేసి ఇస్తున్నారు. అలాంటి మిషన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. 24హెచ్2 అయితే ఎస్ఎస్ఈ4.2 అనే ప్రాసెసర్ ఆదేశాల సమితి లేని మరీ పాత ప్రాసెసర్ల మీద లేవనే లేవదు. వాటికి ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం) మేలు: 2026 అక్టోబర్ 13 దాకా విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగులు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాదంటే 30 డాలర్లు. ఆ తర్వాత విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే బ్రౌజరు, ఉత్తరాలు, తెలుగు టైపింగ్ అన్నీ చక్కగా నడుస్తాయి.

అప్‌గ్రేడ్ అయ్యాక విండోస్.ఓల్డ్ ఫోల్డర్ పెద్దదిగా కనపడుతోందని వెంటనే తీసేయకండి. 10 రోజుల్లోపు నచ్చకపోతే పాత విండోస్‌కి తిరిగి వెళ్లేది దాని సాయంతోనే. డిస్మ్‌లో సెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో అనే కమాండ్‌తో ఆ గడువుని 60 రోజులదాకా పెంచుకోవచ్చు. ఈ పని అప్‌గ్రేడ్ అయిన మొదటి రోజే చేయాలి, గడువు దాటాక కుదరదు. ఈలోగా ప్రింటర్, స్కానర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, తెలుగు ఫాంట్లు అన్నీ ఒక్కొక్కటే వాడి చూసుకోండి.

షాపు కుర్రాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లాగ్ చదివి, డ్రైవర్ పట్టుకుని, బ్యాకప్ సరిచూసే పనికి సగం రోజు పడుతుంది. ఫార్మాట్‌కి గంట చాలు. మనం రెండింటికీ ఒకే డబ్బు ఇస్తే, చాలాసార్లు ఫార్మాట్‌కే ‘పని కనపడింది’ అని సంతోషంగా ఇచ్చి, కారణం కనిపెట్టినదానికి ‘ఏం చేశావని అంత?’ అని బేరమాడితే, అతను ఏది ఎంచుకుంటాడు? కారణం చెప్పినవాడికి కారణం చెప్పినందుకే డబ్బివ్వాలి, కంప్యూటర్‌లో ఏమీ మార్చకపోయినా సరే. కంప్యూటర్ అప్పగించేటప్పుడు రసీదు మీద మూడు సంగతులు రాయించుకోండి. గీత పక్కనున్న రెండో సంఖ్యతో సహా పూర్తి ఎర్రర్ కోడ్. బ్యాకప్ ఎక్కడ తీశారు, తెరిచి చూశారా. కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే ఎవరి అకౌంట్‌తో లాగిన్ చేశారు. మూడోదానికి మీ పేరు లేకపోతే అక్కడే కూర్చుని మీ అకౌంట్‌తో లాగిన్ చేయించి, రికవరీ కీ మీ అకౌంట్ పేజీలో కనపడిందాకా డబ్బు చెల్లించకండి.